అద్దాల మీద దుమ్ము తుడవనివ్వని ఊరు

సోలార్ పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఇన్వర్టర్ల గురించి అడుగుతారు, కేబుళ్ల గురించి అడుగుతారు, ఏ కంపెనీలో జీతం బాగుంటుందో అడుగుతారు. దుమ్ము గురించి మాత్రం ఒక్కరూ అడగరు. నేనే ఎత్తితే "దుమ్మేముంది మేడమ్, తుడిస్తే పోతుంది కదా" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. తుడవడానికి వీల్లేని దుమ్మును నేను చూశాను. బకెట్టు, గుడ్డ, చేతి నిండా అధికారం ఉండి కూడా దాని ముందు ఊరికే నిలబడ్డాను. అందుకే ఇది రాస్తున్నాను.

నేను గిద్దలూరు మనిషిని. ఉద్యోగంలో సగానికి పైగా కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ల మధ్యే గడిచిపోయింది. రాష్ట్రం విడిపోయిన కొత్తల్లో, మా ఫైళ్లు కొన్ని హైదరాబాదులో, కొన్ని కట్లు విప్పని అట్టపెట్టెల్లో ఉన్న రోజుల్లో, సోలార్ పనులు చూసేవాళ్లు దొరక్క నన్ను అందులో పడేశారు. మార్కాపురం నుంచి కొమరోలు దాకా ఎక్కడ సోలార్ మోటరు ఆగినా నేనే పోవాలి. రిటైరయ్యే దాకా అదే పని. ప్రమోషన్ల సంగతి ఇక్కడ రాయను, వాటిలో మీరు నేర్చుకోవలసింది ఏమీ లేదు.

దుమ్ము ఎలా కూర్చుంటుంది

మన పడమటి ప్రకాశంలో ఎండకు లోటు లేదు. ఎండ ఉంటే కరెంటు వస్తుంది కదా అని పై ఆఫీసుల్లో లెక్కలు వేస్తారు. ఆ లెక్కల్లో దుక్కి దుమ్ము ఉండదు, గొర్రెల మందలు లేపే దుమ్ము ఉండదు, మార్కాపురం చుట్టూ పలకల గనుల నుంచి లేచే బూడిద రంగు దుమ్ము ఉండదు. నెలల తరబడి చినుకు పడని సంగతి కూడా ఉండదు.

గాలికి వచ్చిన దుమ్ము గాలికే పోతే మనకు ఇబ్బంది లేదు. తెల్లవారుజామున అద్దం చల్లబడి దాని మీద మంచు తడి చేరుతుంది. ఆ తడికి దుమ్ము మెత్తబడి అద్దాన్ని పట్టుకుంటుంది. పొద్దెక్కగానే కాలి గట్టిపడుతుంది. మర్నాడు దాని మీద ఇంకో పొర. రోజూ చూసేవాళ్లకు తేడా తెలియదు. నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉందనుకుంటారు. ఒకరోజు చూస్తే అద్దంలో ఆకాశం కనిపించదు. నాలుగు చినుకులు పడి ఆగిపోతే ఇంకా కష్టం, మట్టి మరకలు కట్టి కూర్చుంటాయి. "వాన పడిందిగా మేడమ్, కడిగినట్టే" అనేవాడిని నమ్మకండి.

ప్యానెల్లో కరెంటు పుట్టించే గడులన్నీ ఒకదాని వెంట ఒకటి కట్టి ఉంటాయి. ఒక గడి దుమ్ముతో మూసుకుపోతే మిగతావి కూడా దానితో పాటు కుంటుతాయి. కాబట్టి ఎంత దుమ్ము ఉందన్నది ఒక్కటే చూడకండి, ఎక్కడ ఉందో చూడండి.

మార్కాపురం మేడ మీద

మా పై అధికారి, డివిజనల్ ఇంజనీరు డీఈ గారు మంచివాడే. కాకపోతే ఎదుటివాళ్ల మాట వినే అలవాటు లేని మంచివాడు. ఒకసారి మార్కాపురంలో ఒక హాస్టలు మేడ మీద ప్యానెళ్లు చూడటానికి మిట్టమధ్యాహ్నం వచ్చాడు. దగ్గర్లోనే పలకలు కోసే షెడ్లు ఉన్నాయి. ప్యానెళ్లన్నీ బూడిద పూసుకుని ఉన్నాయి. ఆయనకు కోపం వచ్చింది, ఇప్పుడే కడగమన్నాడు.

"సాయంత్రం కడిగిస్తాను సార్, అద్దం కాలిపోతోంది" అన్నాను.

"నీళ్లు పోస్తే అద్దం అరిగిపోతుందా?" అన్నాడు.

సంపులోంచి చల్లటి నీళ్లు తోడి పోశారు. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత 'టిక్' అని చిన్న చప్పుడు. అద్దం పగిలి కింద పడలేదు. ఉన్నచోటే ఉండి, ఒక మూల నుంచి మొదలై, మా కళ్ల ముందే మొత్తం తెల్లబడిపోయింది. సన్నగా చిటపటమంటూ ఆ పగుళ్లు పాకుతూనే ఉన్నాయి. నీళ్లు పోయడం ఎప్పుడో ఆపేశారు, అది మాత్రం ఆగలేదు. డీఈ గారు రుమాలుతో మెడ తుడుచుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయాడు. కాలిన అద్దం మీద చల్లటి నీళ్లు పోయకూడదని ఆ రోజు చూసినవాళ్లకు మళ్లీ చెప్పే అవసరం రాలేదు. తెల్లవారగానే కడగండి, బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే కడిగిన వెంటనే గుడ్డతో తుడిచేయండి. లేకపోతే దుమ్ము పోయిన చోట తెల్లటి సుద్ద మిగులుతుంది, అది ఇంకా మొండిది.

పసుపు బొట్లు

కొమరోలు వైపు ఒక రైతు చీనీతోటకు, అంటే బత్తాయి తోటకు, సోలార్ మోటరు పెట్టుకున్నాడు. దసరా తర్వాత నీళ్లు తగ్గాయని కబురు చేశాడు. పోయి చూస్తే ఆయుధపూజకు ప్యానెళ్లన్నిటికీ పసుపు దట్టంగా పూసి, నడిమధ్యన అరచేయంత కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. పండగ అయిపోయి చాలా రోజులైనా ఎవరూ తుడవలేదు. బొట్టు కింద గడులు వేడెక్కి లోపల గోధుమ రంగు మచ్చలు పడ్డాయి. అవి ఇక పోవు.

నేను గట్టిగానే కేకలేశాను. ఆయన బిక్కమొహం వేసుకుని, "సూర్యుడు గదా మేడమ్, బొట్టు లేకుండా ఎట్ల పెడతాం?" అన్నాడు. ఆ మాటకు నా కోపం సగం దిగిపోయింది. ప్యానెల్ స్తంభానికి పెట్టుకోమని చెప్పి వచ్చాను. బిగించినవాడు అన్నీ చెప్పాడు, ఇదొక్కటే చెప్పలేదు. పొరుగు జిల్లా నుంచి వచ్చినా అతనూ ఇక్కడి పండగ సంగతి తెలిసినవాడే కదా, ఆ మాత్రం ఆలోచన ఉండొద్దా?

కొండ వారన

అసలు సంగతికి వస్తాను. అర్ధవీడు మండలంలో నల్లమల వారన ఒక పల్లె ఉంది. పేరు రాయను. గొర్రెలు, మేకలు, వానొస్తే పంట, రాకపోతే వలస. ఊళ్లోని బోరింగులో ఫ్లోరైడు నీళ్లు, అవి తాగితే పిల్లల పళ్లు పచ్చబడతాయి, పెద్దల మోకాళ్లు పట్టేస్తాయి. అందుకని ఊరికి కాస్త దూరంగా, మంచినీళ్లు పడిన చోట లోతుగా బోరు వేసి, సోలార్ మోటరు పెట్టి ట్యాంకుకు నీళ్లు ఎక్కించాం. ఆ అద్దాలు తుడిచే బాధ్యత చెన్నయ్య అనే గొర్రెల కాపరి తీసుకున్నాడు. ఆ చుట్టుపక్కల అంత పొడుగు మనిషి లేడు. నోట్లోంచి మాట పెద్దగా రాదు, చెప్పింది మాత్రం మర్చిపోడు. మంద తోలుకుపోయే ముందు రోజూ తెల్లారగానే అద్దాలు తుడిచి పోయేవాడు. ఆ ఊరి మోటరు గురించి నాకు ఒక్క ఫిర్యాదు రాలేదు.

శివరాత్రి దాటాక, పొద్దున మంచు, పగలు ఎండ ఉండే రోజుల్లో, ఆ ఊరి నుంచి ఫోను వచ్చింది. నీళ్లు రావడం లేదన్నారు. మా మెకానిక్ రమణయ్యను వెంటబెట్టుకుని జీపులో వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నమైంది. బోరు పక్కనే ఉన్న ట్యాంకు దగ్గర ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని వరసగా కూర్చున్నారు. నీళ్ల దగ్గర ఆడవాళ్లు మాట్లాడుకోకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. బోరు దగ్గర ఉన్న కుళాయి తిప్పాను. నీళ్లు రాలేదు. పొడుగ్గా ఒక ఊపిరి వచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది.

"చూసినావా మేడమ్. దినామూ ఇట్లనే మూలుగుతాది" అన్నది ఒకామె, కుళాయి వైపు చూడకుండా.

నాకు కారణం తెలుసు. మోటరు తిరుగుతోంది కానీ అంత లోతు నుంచి నీళ్లను పైదాకా ఎత్తే బలం లేదు. నీళ్లు సగం దూరం ఎక్కి జారిపోతున్నాయి, పైపులో గాలి వస్తూ పోతూ ఉంది. బోరు పైపుకు చెవి ఆనిస్తే పాతాళంలో ఎక్కడో 'గుంయ్' మని వినిపిస్తోంది. అన్నీ తెలిసి కూడా నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ఇంకో భయం కూడా పట్టుకుంది. నీళ్లు ఎత్తకుండా అలా తిరిగే మోటరు వేడెక్కి కాలిపోతుంది. అది కాలితే ఆ ఎండాకాలంలో ఇంకోటి వచ్చే ఆశ లేదు, ఊరంతా మళ్లీ ఆ బోరింగు నీళ్లే తాగాలి.

ప్యానెళ్ల దగ్గరికి పోయి చూశాను. నేల రంగూ అద్దం రంగూ ఒకటే అయిపోయింది. అద్దం చల్లబడగానే కడుగుదామని రమణయ్యను బకెట్టు తెమ్మన్నాను. అప్పటికే ఊళ్లో మాట చెవిన పడిందేమో, అతను జీపు దిగలేదు. ఊరి పెద్దమనిషి నరసింహులు నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు.

"తుడవగూడదు మేడమ్. చెన్నయ్య ఇంకా రాలేదు."

"ఎక్కడికి పోయాడు?"

"చచ్చిపోయినాడు" అన్నాడు.

పిండిలో పడని గుర్తు

వానల్లేక చెన్నయ్య మందను అమ్మేసి, అద్దాల పని భార్యకు అప్పజెప్పి బెంగళూరు బిల్డింగు పనికి పోయాడట. అక్కడ పైనుంచి పడిపోయాడు. మేస్త్రీ అక్కడే అంత్యక్రియలు జరిపించేశాడు. ఊరికి ఒక బట్టల సంచి వచ్చింది.

మా వైపు మనిషి పోతే, ప్రాణం పోయిన చోట దీపం పెట్టి, పక్కన పిండి గానీ బూడిద గానీ పల్చగా పరిచి గంప బోర్లిస్తారు. తర్వాత గంప ఎత్తి, అందులో ఏ గుర్తు పడిందో చూస్తారు. గుర్తు పడితే పోయిన మనిషి వచ్చి ఇంటిని చూసుకుని వెళ్లాడని అర్థం. అప్పటిదాకా ఇంట్లోవాళ్ల మనసు కుదుటపడదు. చెన్నయ్య ప్రాణం పోయిన చోటు ఎవరూ చూడలేదు. ఇంట్లో పరిచిన పిండిలో చీమ కూడా నడవలేదట.

అతని భార్య ఓబులమ్మ ప్యానెళ్ల నీడలో కూర్చుని ఉంది. పొట్టి మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. ప్యానెళ్ల చుట్టూ ఉన్న కంచె తాళంచెవి ఆమె నడుముకే ఉంది. నన్ను చూసి లేచింది.

"పిండి ఇంట్లో పరిస్తే ఆయనెట్ల వస్తాడు మేడమ్? ఇంటికన్నా ఈడికే ఎక్కువ వచ్చేటోడు. ఇల్లు మర్చిపోయినా ఇది మర్చిపోడు. ఆయన అడుగు ఒక్కటి పడనీ, నేనే తుడుస్తా" అన్నది.

ఊరు మొదట జాలితో ఒప్పుకుంది. తర్వాత కుళాయి మూలగడం మొదలయ్యేసరికి భయపడిపోయింది. దుమ్ము తుడిస్తే అతను వచ్చే దారి చెరిగిపోతుందని, ఇక ఎప్పటికీ అక్కడే తిరుగుతుంటాడని ఒకరికొకరు చెప్పుకున్నారు. నరసింహులు ఒక ఉపాయం కూడా చేశాడు. చీకటితో పోయి ఒక అద్దం మీద తన అరచెయ్యి అద్ది వచ్చాడు. పొద్దున ఓబులమ్మ దాన్ని చూసి, "ఇది నరసింహులన్న చెయ్యి. ఉంగరం గూడా పడింది" అని ఊరుకుందట. ఆ తర్వాత ఆమె ఊళ్లో ఎవరి మాటా నమ్మడం మానేసింది.

"నీకు ఈ దుమ్ము సంగతి ఎరుకంటారు. నువ్వు చూసి చెప్పు. నీ మాట నమ్ముతా" అన్నది నాతో.

ఒక అద్దం మీద కింది నుంచి పైకి సన్నటి గుర్తుల వరస ఉంది. మంచుకు తడిసి ఎండకు గట్టిపడి చెక్కినట్టు ఉన్నాయి. సగం దాకా వెళ్లి ఆగిపోయాయి. తిరిగి వచ్చిన గుర్తులు లేవు. వంగి చూశాను. వేళ్ల మధ్య తోక ఈడ్చిన గీత కనిపించింది. అక్కడి నుంచి కిందికి దూకి ఉంటుంది.

"తొండ" అన్నాను.

"అయితే ఇంకా రాలేదు. ఉండనీ" అని మళ్లీ నీడలో కూర్చుంది.

తొండ, పిచ్చుక, ఉడుత

డీఈ గారికి ఫోను చేశాను. అంతా విని ఆయన నవ్వలేదు. "వచ్చాడని చెప్పేయండి. ఒక్క అబద్ధంతో ఊరికి నీళ్లొస్తాయి. మీకేం పోయింది?" అన్నాడు. ఆయన మాట నాకు తప్పుగా అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. అయినా నాకు నోరు రాలేదు. ఊరంతటిలో ఆమె నమ్మకం పెట్టుకున్నది నా ఒక్కదాని మీద. బలవంతంగా తుడిపిద్దామంటే రమణయ్య కూడా చెయ్యి వేయడు. నేనే తుడిచేయొచ్చు. ఆమె అడ్డం రాదు, ఊరికే చూస్తుంది. అలా చూస్తుంటే నా చేత కాదని నాకు తెలుసు.

ఎండ బాగా ఎక్కినప్పుడు కాసేపు మాత్రం మోటరు వేసి, మిగతా వేళ ఆపేయమని చెప్పాను. దాంతో మోటరు బతికింది, ట్యాంకు అడుగున కాసిని నీళ్లు చేరేవి. ఇంటికి ఒక బిందె కూడా సరిగా వచ్చేది కాదు. పసిపిల్లలున్న ఇళ్లకు ముందు ఇచ్చి, మిగతావాళ్లు బోరింగుకు పోయేవారు. ఓబులమ్మ తన వంతు తీసుకునేది కాదు. ఆమె పిల్లలు కూడా బోరింగు నీళ్లే తాగారు. ఆ సంగతి తెలిసినప్పుడు ఆమె మీద నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

వీలైనప్పుడల్లా వెళ్లేదాన్ని. ప్రతిసారీ ఆమె ఏదో ఒక గుర్తు చూపించి "ఇది ఏంది మేడమ్?" అనేది. నేను పిచ్చుక అనేదాన్ని, ఉడుత అనేదాన్ని. వాదించేది కాదు. ప్రతి జవాబుకూ తల ఊపి, ఆ గుర్తును ఇంకోసారి చూసుకునేది.

ఒక మధ్యాహ్నం మేమక్కడ ఉండగానే కొండ దారి వెంట సుడిగాలి వచ్చింది. ఆకులు, గడ్డి, దుమ్ము పైకి లేపుకుంటూ నేరుగా కంచె మీదికి వచ్చింది. ఆడవాళ్లు చెంగులు కప్పుకుని వెనక్కి తిరిగారు. రమణయ్య జీపు తలుపు వేసుకున్నాడు. ఓబులమ్మ మాత్రం దానికి ఎదురుగా, కళ్లు మూయకుండా నిలబడింది. అది ప్యానెళ్ల మధ్యకు వచ్చి కాసేపు అక్కడే తిరిగి, ఒక్కసారిగా పడిపోయింది. ఆమె పరుగెత్తి అద్దాలన్నీ చూసింది. కొత్త దుమ్ము తప్ప ఏమీ లేదు. కళ్లనిండా మట్టి పడి కారుతుంటే, తుడుచుకోకుండా నా వైపు తిరిగి చూసింది.

కింది అంచు

తర్వాత కొన్నాళ్లకు పొద్దున్నే నరసింహులు ఫోను చేశాడు.

"మేడమ్, నువ్వు రా. మేమేం జేయలేదు, పిల్లల మీద ఒట్టు" అన్నాడు.

వెళ్లేసరికి ఊరంతా కంచె బయట ఉంది. ఓబులమ్మ కూడా బయటే ఉంది, తాళం తీయలేదు. నేను వచ్చేదాకా ఎవరూ లోపలికి పోకూడదన్నదట. తాళం తీయించి ఒక్కదాన్నే లోపలికి పోయాను. నేల మీద మంచుకు తడిసిన దుమ్ము ఆరి పలుచటి పొరలా ఉంది. అందులో నా అడుగులే మొదటివి. వెనక్కి తిరిగి చూసుకున్నాను, నావి తప్ప ఇంకేమీ లేవు.

అద్దాల మీద దుమ్ము అలాగే ఉంది. కింది అంచు మాత్రం, ఫ్రేమును ఆనుకుని, బొటనవేలి వెడల్పున శుభ్రంగా ఉంది. ఒక్క ప్యానెల్ కాదు, పై వరసలో ఉన్నవన్నీ అలాగే, ఈ చివర నుంచి ఆ చివర దాకా. అద్దంలోంచి ఆకాశం సన్నటి గీతలా కనిపిస్తోంది.

ఇది అందరికీ అర్థం కావాలంటే ఒక సంగతి చెప్పాలి. ప్యానెల్ వాలుగా ఉంటుంది కాబట్టి మంచు తడి దుమ్మును కిందికి జార్చి ఆ అంచులోనే పేరుస్తుంది. ఎక్కువ దుమ్ము ఉండాల్సిన చోటు అది. గాలి దాన్ని తీయలేదు, మంచు తీయలేదు, ఏ జంతువూ అలా తిన్నగా తీయలేదు. తుడిచే మనుషులు కూడా పైపైన తుడిచి ఆ సందు వదిలేస్తారు. కింది వరస గడులు మూసుకుపోయేది అక్కడే. మోటరు పెట్టిన రోజున బొటనవేలికి గుడ్డ చుట్టి ఆ అంచు వెంట ఎలా లాగాలో చెన్నయ్యకు నేనే చూపించాను. ఆ మాట నేను అన్ని ఊళ్లలోనూ చెప్పాను, అందరూ సరేనన్నారు. తర్వాత వెళ్లి చూస్తే చేసినవాడు ఇతనొక్కడే కనిపించాడు. పై వరసకు అతని చెయ్యి అందేది. ఇంకెవరికైనా నిచ్చెన కావాలి. నిచ్చెన కాళ్లు ఆనిన గుర్తు నేల మీద లేదు.

ఓబులమ్మ కంచె దగ్గర నుంచే అడిగింది.

"ఇది ఏంది మేడమ్?"

నేను చాలాసేపు చూశాను. స్తంభాల వెనక చూశాను, కంచె చుట్టూ చూశాను. నరసింహులు ముఖం చూశాను, పాలిపోయి ఉంది. ఎవరో ఊరివాళ్లే చేసి ఉంటారని ఆ రోజు అనుకున్నాను, ఈ రోజూ అనుకుంటున్నాను. ఎవరో, ఎలాగో మాత్రం చెప్పలేను.

"తెలియదమ్మా" అన్నాను.

"తొండ గాదా?"

"కాదు."

"ఉడుత?"

"కాదు. మనిషి పనిలాగే ఉంది. ఎవరి పనో నాకు తెలియదు."

ఆమె లోపలికి వచ్చి ఆ శుభ్రంగా ఉన్న అంచును ముట్టుకోకుండా చివరిదాకా చూసుకుంటూ నడిచింది. తర్వాత, అద్దాలు ఇంకా కాలకముందే, బకెట్టు తెమ్మన్నది. రమణయ్య ఈసారి జీపు దిగి నిచ్చెన తెచ్చాడు. ఓబులమ్మ ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. పైనుంచి కింది దాకా ఒక్కొక్క అద్దమే తుడిచింది. నల్లటి నీళ్లు నేల మీద కాలువ కట్టాయి. రమణయ్య మోటరు వేశాడు, తుడిచేకొద్దీ బోరు పైపులో చప్పుడు పెరుగుతూ వచ్చింది. ఆఖరి అద్దం దగ్గరికి వచ్చేసరికి కుళాయి ఒకసారి దగ్గి, మట్టి నీళ్లు కక్కి, తర్వాత తేటగా బిందెలో పడింది. ఆడవాళ్లు ఒక్కసారిగా కేకలు వేసుకుంటూ లేచారు. ఓబులమ్మ ఇద్దరు పిల్లలు అందరికన్నా ముందు పరుగెత్తి దోసిళ్లు పట్టారు.

ఆమె నిచ్చెన దిగి వాళ్ల దగ్గరికి పోలేదు. తడి గుడ్డ చేతిలో పట్టుకుని, గొర్రెలు పోయే కొండ దారి వైపు తిరిగి నిలబడింది. అన్ని రోజుల్లో ఆమె ఏడవడం నేను అప్పుడే చూశాను.

"ఇంక పోవయ్యా" అన్నది. "నీళ్లు వస్తాండాయి. పిల్లోల్లను నేను చూసుకుంటా లే."